తడి కోత

మల్లాపూర్ చౌరస్తా దాటినంక
పాత సామాన్ల దుకాణంల కాటా కాడ కూసుంట నేను.
అట్ట కిలో పన్నెండు, ఇనుము ఇరవై ఎనిమిది,
సీసాలు లెక్కన, బీరువైతే మాట్లాడుకునుడే.
వానకాలం ఎవరన్న అట్టలు తెస్తే
చెయ్యి పెట్టి చూసి, అంచు పిండి చూసి
పది కిలోలకు కిలోన్నర తడి కోస్తం.
సేఠ్ నేర్పిన మొదటి పాఠం:
నీళ్లకు పైసలియ్యొద్దు.

ఆగస్టు నెల. రాత్రి పదకొండు.
హయత్‌నగర్ కాడ లారీ దిగిన రెండు సంచులు
బాలానగర్‌ల దించి రావాలె, పదిహేను వందలు.
సంచులల్ల ఏమున్నదని ఐలేష్ అడగలే.
అడగలే అంటే, అడగొద్దని తెలుసు.
అబద్ధమెందుకు, అంత తెల్వనోడేం కాదు.
బండి కిస్తీ తారీఖు దాటి ఆరు రోజులు,
హారిక జ్వరం మందు సీసా అడుక్కొచ్చింది.
ట్రాలీ మీద తాటిపత్రి చినిగి ఉండె.
ఉప్పల్ దాక వాన కురుస్తనే ఉండె.

రోడ్డు మీదనే తూచిన్రు.
ఇరవై ఒక్క కిలోల రెండు వందల గ్రాములు.
ఆకు, కాడ, గోనె, గోనెల దిగిన వాన
అన్నీ కలిపి ఒక్కటే అంకె.
ఇరవై లోపలుంటే ఒక తీరంట,
దాటితే ఇంకో తీరంట.
వకీలు చెప్తుంటే నేను వేళ్ల మీద లెక్కేసిన:
మీద ఉన్నది కిలో రెండు వందలు.
మా దుకాణంల పది కిలోల తడి కోతకు కూడ సాలదు.

జడ్జి సారు మంచోడే. అద్దాలు తీసి తుడుచుకున్నడు.
"తగ్గించుడు నా చేతిల లేదమ్మా" అన్నడు.
పదేండ్లు. లక్ష జుర్మానా.
కట్టకుంటే ఇంకో ఏడాది.
సంచులు పంపినోని పేరు కాడ
పరారీ అని రాసి ఉన్నది,
మంచి దస్తూరి.

చర్లపల్లి మాకు దూరం కాదు, అదొక్కటి నయం.
అద్దం అవతల ఫోన్ ఎత్తంగనే
మొదటి మాట ఎప్పుడూ అదే: "బండెట్లున్నదే?"
ఠాణా గోడ పక్కన మూడు టైర్లు మన్నుల దిగినయని,
సీటు చీల్చుకొని గడ్డి మొలిచిందని ఎట్ల చెప్పాలె.
"ఖాళీగ లేదు. కుక్క ఈనింది దాంట్ల, నాలుగు పిల్లలు" అన్న.
నవ్విండు. దగ్గొచ్చేదాక నవ్విండు.
"కిరాయి అడగకపోయినవ్" అన్నడు.
అంతల గంట కొట్టిన్రు.

బడిల మాత్రం హారిక నాయిన దుబాయిల ఉన్నడు.
నేనే పంపిన, అది యూకేజీల ఉన్నప్పుడు.
ఏటా సెలవులకు ముందు బేగంబజార్ పోయి
అరబ్బీ అక్షరాల చాక్లెట్లు పావుకిలో తెస్త.
క్లాసంతా పంచుతది.
తనొక్కటి తినదు.
ఇప్పుడు ఐదో తరగతి. మొన్న రాత్రి
లైటు తీసినంక అడిగింది:
"అమ్మా, దుబాయికి షేర్ ఆటో పోతదా?"
నిద్రపోయినట్టు చేసిన.
అది కూడ నిద్రపోయినట్టు చేసింది.

ఇంక నాలుగేండ్ల చిల్లర.

ఇయ్యాల ములాఖత్ నుంచి వస్తుంటే
కుషాయిగూడ కాడ పట్టుకున్నది వాన.
కొంగు నుంచి నీళ్లు కారుతుంటే దుకాణం చేరిన.
సేఠ్ లేడు.
ఎందుకో తెల్వది, కాటా ఎక్కి నిలబడ్డ.
ఎర్ర అంకెలు కొంచెంసేపు అటూ ఇటూ ఊగి
నలభై నాలుగు కిలోల ఆరు వందల కాడ ఆగినయి.
పెండ్లినాడు యాభై మూడు.
దీంట్ల తడి ఎంత కొయ్యాలె?

"దిగక్కా" అన్నడు,
అట్టల మోపు నెత్తిన పెట్టుకొని ఓ పిలగాడు.
"నావి పొడియే, ఒట్టు."

చెయ్యి పెట్టి చూసిన.
అట్టలు తడియో,
నా చెయ్యి తడియో.